నత్త విషంలో నొప్పికి ఉపశమనం

అల్లాహ్ ఏ ప్రాణినీ వ్యర్థంగా సృష్టించలేదని మనం విశ్వసిస్తాం. అయినా తేలునో పామునో చూసినప్పుడు దీనివల్ల ప్రయోజనమేమిటన్న సందేహం మనసులో మెదులుతుంది. ఒక చిన్న సముద్రపు నత్తను పరిశీలిస్తే ఈ సందేహానికి సమాధానం దొరుకుతుంది.

ఫిలిప్పీన్స్ దీవుల చుట్టూ ఉన్న వెచ్చని సముద్రజలాల్లో నివసించే ఈ నత్త పేరు కోనస్ మేగస్. లాటిన్ భాషలో మేగస్ అంటే మాంత్రికుడు. అరచేతిలో ఇమిడే దీని గుల్ల శంకువు ఆకారంలో అందంగా ఉంటుంది. దీనికి పరుగెత్తే కాళ్ళు లేవు, ఈదే వాజాలు లేవు. కాని దీని ఆహారం చురుకైన చేపలే! బోలుగా ఉండే సూదివంటి పంటిని బాణంలా గుచ్చి విషం ఎక్కించగానే చేప కదలలేక పడిపోతుంది. మెల్లగా పాకే ప్రాణికి సైతం ఉపాధి మార్గం చూపినవాడు ఎంతటి వివేచనాపరుడు!

ఈ జాతికే చెందిన కోనస్ జియోగ్రాఫస్ కాటుకు మనుషులు సైతం మరణించారు. దానికి విరుగుడు మందు లేదు. ఇటువంటి నత్తలు మన లక్షద్వీప్ తీరాల్లోనూ ఉన్నాయి. కనుక సముద్రతీరంలో బతికున్న శంకువు గుల్లలను పిల్లలు చేత పట్టకుండా చూడాలి.

మనుషులు భయపడే ఈ విషంలోనే అల్లాహ్ ఒక కారుణ్యాన్ని దాచి ఉంచాడు. ఫిలిప్పీన్స్‌కు చెందిన శాస్త్రవేత్త బాల్డొమెరో ఒలివెరా అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో ఈ విషాలపై పరిశోధన చేశారు. ఆయన ప్రయోగశాలలో 18 ఏళ్ళ వయసులో చేరిన మైకేల్ మెకింతోష్ అనే విద్యార్థి, కోనస్ మేగస్ విషం నుండి 25 అమైనో ఆమ్లాలు గల ఒక పదార్థాన్ని వేరు చేశాడు. అది వెన్నుపాములో నొప్పి సంకేతం ముందుకు సాగే ద్వారాన్ని మూసివేస్తుంది. దానినే ప్రయోగశాలలో తయారుచేసి జికోనొటైడ్ అని పేరు పెట్టారు. ఇతర మందులకు లొంగని తీవ్రమైన నొప్పికి వాడేందుకు 2004 డిసెంబరులో అమెరికాలో దీనికి అనుమతి లభించింది. ఇది నల్లమందు జాతికి చెందినది కాదు, వ్యసనంగా మారదు. అయితే మోతాదు తప్పితే మతి భ్రమించే ప్రమాదముంది. అందుకే నిపుణులైన వైద్యులు పంపు ద్వారా వెన్నుపాము చుట్టూ ఉన్న ద్రవంలోకి కొద్దికొద్దిగా ఎక్కిస్తారు.

ఇక మన ఇళ్ళ సంగతి చూద్దాం. క్యాన్సర్‌తోనో కీళ్ళ వ్యాధితోనో రాత్రంతా మూలిగే పెద్దలకు "సహనం వహించండి" అని చెప్పి ఊరుకునే కుటుంబాలను మేము చూస్తూనే ఉన్నాం. సహనమంటే అల్లాహ్‌ను నిందించకుండా ఉండటమే గాని, వైద్యాన్ని నిరాకరించటం కాదు. సహనానికి మారుపేరైన హజ్రత్ అయ్యూబ్ (అలైహి) సైతం తన బాధ తొలగించమని ప్రభువును వేడుకున్నారు. అప్పుడు ఆయన కాలి కింద స్నానానికీ, త్రాగడానికీ చల్లని నీరు ప్రసాదించబడింది. స్వస్థత అల్లాహ్ నుండే లభించింది, ఒక సాధనం ద్వారా లభించింది. వ్యాధిని దించినవాడు దాని ఔషధాన్నీ దించాడని బోధించి, చికిత్స చేయించుకోమని ఆదేశించారు మహాప్రవక్త (స).

సాగర గర్భంలోని నత్త విషంలో సైతం ఉపశమనం ఉంచిన ప్రభువు, మన తల్లిదండ్రుల నొప్పిని మనం పట్టించుకోకుండా ఉంటే ప్రశ్నించడా? వారిని వైద్యుని వద్దకు తీసుకువెళదాం, వారి కోసం దుఆ కూడా చేద్దాం. అల్లాహ్ రోగులందరికీ సంపూర్ణ స్వస్థతను ప్రసాదించుగాక! ఆమీన్.