స్టాంపుకు పళ్లెందుకు?

నోటుపుస్తకం కాగితానికి లేని పళ్లు స్టాంపు అంచుకు మాత్రం ఎందుకుంటాయో ఎప్పుడైనా ఆలోచించారా? అందం కోసమైతే కాదు!

1840లో బ్రిటన్‌లో ప్రపంచపు మొట్టమొదటి స్టాంపు ‘పెన్నీ బ్లాక్’ వచ్చినప్పుడు దానికి పళ్లు లేవు. ఒక్కో షీటులో 240 స్టాంపులుండేవి. కత్తెర పట్టుకుని ఒక్కొక్కటీ కత్తిరించాల్సిందే. చెయ్యి కాస్త వంకర పోయిందో, పక్క స్టాంపు తెగేది. 1854లో మన దేశమంతటికీ వచ్చిన స్టాంపులదీ ఇదే గొడవ.

ఈ చాకిరీ తప్పించడానికి ఐర్లండ్‌కు చెందిన హెన్రీ ఆర్చర్ 1840లలోనే వరుసగా చిల్లులు పొడిచే యంత్రం తయారుచేశాడు. దారం ఎక్కించని కుట్టుమిషను కింద కాగితాన్ని నడిపితే (అమ్మనడిగి!), సూది పొడిచిన గీత వెంబడే అది చిరుగుతుంది. ఇదీ అంతే. చిల్లుల దగ్గర కాగితమే లేదు కదా! మనం లాగిన బలమంతా మధ్యలో మిగిలిన సన్నని ముక్కల మీదే పడుతుంది, అవి తెగుతాయి. తెగిన ఆ ముక్కలే పళ్లు. చిల్లులు మరీ దగ్గరైతే షీటు ముట్టుకోగానే విడిపోతుంది. దూరమైతే స్టాంపే చిరుగుతుంది.

స్టాంపులు సేకరించేవాళ్లు 2 సెంటీమీటర్ల పొడవులో ఎన్ని చిల్లులున్నాయో లెక్కపెడతారు. బొమ్మ ఒకటే అయినా లెక్క మారితే వాళ్లకది వేరే స్టాంపు! స్వతంత్ర భారతదేశం 1947 నవంబరు 21న విడుదల చేసిన జెండా స్టాంపు లాంటి స్మారక స్టాంపులకైనా సరే, పన్ను ఊడితే విలువ పడిపోతుంది. అందుకే కవరు మీది పాత స్టాంపును పీకకండి. చుట్టూ కాస్త కాగితం వదిలి కత్తిరించి, నీళ్లలో నానబెట్టండి. జిగురు కరిగి స్టాంపు దానంతటదే ఊడివస్తుంది.