నడిస్తేనే బండి
పాత కారుని కవర్ కప్పి దాచుకుంటేనే భద్రం అనుకుంటాం కదా? నిజానికి నిలబెట్టిన బండే త్వరగా పాడవుతుంది. బ్యాటరీ దానంతటదే దిగిపోతుంది. కార్బురేటర్‌లో పెట్రోల్ ఆవిరైపోయి జిగురు మిగులుతుంది, దాంతో సన్నటి జెట్లు మూసుకుపోతాయి. బరువంతా ఒకేచోట పడి టైర్లు చదునెక్కుతాయి.

రోజూ ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తే సరిపోదు. ఇంజన్ పూర్తిగా వేడెక్కకపోతే ఆయిల్‌లో, సైలెన్సర్‌లో చెమ్మ చేరుతుంది. ఓ అరగంట రోడ్డు మీద తిప్పితే ఆ చెమ్మ ఎగిరిపోతుంది, బ్యాటరీ ఎక్కుతుంది, బ్రేకులు పట్టేయవు.

అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. మళ్లీ కొత్తది కొనలేం. అందుకే మా తాతయ్య అంబాసిడర్‌ని ప్రతి ఆదివారం బయటికి తీస్తాను. పక్క సీట్లోంచి ఆయన "క్లచ్ పూర్తిగా తొక్కరా" అంటుంటారు. షెడ్డులో నిలబెడితే ఆ మాట వినపడదుగా!