మద్యపానమును రాజమార్గమును

2016 వ సంవత్సరము జూలై 1 వ తేదీ శుక్రవారమున మన హైదరాబాదు నగరమునందు బంజారాహిల్సు, పంజాగుట్ట ప్రాంతమున జరిగిన యొక ఘోరమును నేడు మా తరగతులలో కూర్చుండు బాలబాలికలు తామై యెరుగరు. వారిలో పెక్కుమంది నాటికి తల్లియొడిలోని శిశువులు. తలిదండ్రులు మాత్రము మరచియుండరు. బడికి పోయిన యొక చిన్న బాలిక తనవారితో కూడ కారులో నింటికి మరలుచుండెను. ఎదుటి దిక్కునుండి, మద్యము సేవించిన యింజనీరింగు విద్యార్థులెక్కిన కారొకటి మిక్కిలి వేగముగా వచ్చి, అదుపు తప్పి, బాట నడుమనున్న డివైడరును దాటి యా బాలిక యున్న కారుపై బడెను. ఆమె దగ్గరి బంధువొకడు అచ్చటనే ప్రాణములు విడిచెను. బాలిక యెనిమిది దినములు ఆసుపత్రిలో నుండి జూలై 9 వ తేదీన కన్నుమూసెను. అటుపిమ్మట ఆమె తాతగారును ఆ గాయములచేతనే గతించిరి. ఒక్క యింట మూడు చావులు. ఆ బిడ్డ పేరు నాడు నగరమంతటికిని తెలియును. ఇచ్చట దానిని వ్రాయకున్నాము. ఆ తలిదండ్రుల దుఃఖము వారిది, పత్రికలవారు దానిని చాలినంతగా త్రవ్వియున్నారు.

మా మన్సూరాబాదు నగరమునకు తూర్పు కొన. పంజాగుట్ట పడమటి ప్రక్క. అయినను ఆ వార్త ఇచ్చటి యిండ్లలో తమ వీధిలో జరిగినదానివలెనే వినబడెను. దానికి కారణము వెదకుట కష్టము కాదు. ఆ బాలిక యుద్ధభూమికి పోలేదు, నదికి ఈతకు పోలేదు. బడికి పోయి వచ్చుచుండెను. ప్రతి తల్లియు ప్రతి సాయంకాలమును గుమ్మమున నిలిచి యెదురుచూచు ప్రయాణమే యది. నగరవాసులు క్రొవ్వొత్తులు వెలిగించి వీధులలో నడచిరి. దుఃఖముతో పాటు కోపమును పొంగెను. త్రాగి నడిపినవానిని ఉరి తీయవలెననిరి. మద్యమమ్మిన దుకాణమును మూయవలెననిరి. ప్రక్కన కూర్చుండినవారి మాట యేమనిరి. కుమారుల చేతికి కారు తాళము లిచ్చు తండ్రులను నిందించిరి. ఈ ప్రశ్నలలో నొక్కటియు నిరర్థకమైనది కాదు. కాని కోపము ప్రశ్న వేయగలదు గాని యుత్తరమును తానే చెప్పజాలదు. కావున చట్టమేమి చెప్పుచున్నదో, శరీరశాస్త్ర మేమి చెప్పుచున్నదో విద్యార్థులకు తెలియునట్లు ఇచ్చట వివరింప బూనితిమి.

మొదట బాలురడుగు ప్రశ్న: “చంపినవానిని హంతకుడని యేల యనరు?” హత్య యనగా చంపవలెనను తలంపు గాని, చావు తప్పనంతటి గాయము చేయవలెనను తలంపు గాని యుండవలెను. త్రాగి నడుపువానికి సాధారణముగా నట్టి తలంపుండదు. కావున భారత శిక్షాస్మృతిలో అతనికి రెండు ద్వారములుండెను. ఒకటి 304-ఎ సెక్షను. అజాగ్రత్తచే మరణము కలిగించుట, రెండేండ్లకు మించని శిక్ష. రెండవది 304 సెక్షనులోని రెండవ భాగము; ఈ పనివలన ప్రాణము పోవచ్చునని యెరిగియు చేయుట, పదేండ్లవరకు శిక్ష. ఈ రెండింటికి నడుమ నున్న గోడ “ఎరుక” యను నొక్క మాటయే.

బొంబాయి నగరమున 2006 నవంబరు 12 వ తేదీ తెల్లవారుజామున బాంద్రా కార్టరు రోడ్డుపై కాలిబాటమీద నిద్రించుచున్న కూలివారిపైకి త్రాగినవాని కారెక్కి యేడుగురు మరణించిరి. క్రింది న్యాయస్థానము దానిని అజాగ్రత్తగా నెంచి ఆరు నెలల శిక్ష విధించెను. ఆరు నెలలు! హైకోర్టు దానిని రెండవ తరగతికి మార్చి మూడేండ్లు విధింపగా, సుప్రీముకోర్టు 2012 జనవరిలో ఆ తీర్పును స్థిరపరచెను. మద్యము సేవించి వేగముగా నడుపువానికి ఫలితమెట్లుండునో తెలిసియే యుండునని న్యాయమూర్తుల యభిప్రాయము. 2024 జూలై 1 వ తేదీనుండి శిక్షాస్మృతి స్థానమున భారతీయ న్యాయసంహిత అమలులోనికి వచ్చినది. పంజాగుట్ట ప్రమాదమునకు సరిగా నెనిమిదేండ్లకు. ఇందు అజాగ్రత్తచే కలిగిన మరణమునకు 106 వ సెక్షను క్రింద అయిదేండ్లవరకును, ఎరిగి చేసిన ప్రాణహానికి 105 వ సెక్షను క్రింద పదేండ్లవరకును శిక్ష విధింపవచ్చును. ఎవరికిని ప్రమాదము కలుగకున్నను, త్రాగి నడుపుటయే మోటారు వాహనముల చట్టము 185 వ సెక్షను ప్రకారము నేరము. ఆ నేరమునకు మునుపు జరిమానా రెండువేల రూపాయలు. 2019 సెప్టెంబరునుండి మొదటిసారికే పదివేలు, లేక ఆరు నెలల ఖైదు, లేక రెండును.

ఆ చట్టములో నొక కొలత యున్నది: 100 మిల్లీలీటర్ల రక్తములో 30 మిల్లీగ్రాముల మద్యసారము. ఈ కొలత కర్థమేమి? కడుపులోనికి పోయిన మద్యసారము జీర్ణము కావలసిన పనిలేకయే పేగుల గోడలద్వారా రక్తములో గలియును. రక్తముతో మెదడును జేరును. అది మొదట కాళ్లు తడబడునట్లు చేయదు. అంతకంటె ముందు వివేచనను మందగింపజేయును. ఇందే ప్రమాదమంతయు నున్నది. తూలువాడు తాను తూలుచున్నానని యెరిగి కూర్చుండును. తూలుటకు ముందటి స్థితిలోనున్నవాడు తానెన్నడును లేనంత నేర్పరినని తలంచును. “నాకేమియు కాలేదు” అని గట్టిగా పలుకువానినే మనము ముందుగా శంకింపవలెను.

గణితము నిష్టపడు విద్యార్థులు ఈ లెక్కను వేసికొని చూడవచ్చును. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి క్షణమునకు, అనగా సెకనుకు, సుమారు 17 మీటర్లు సాగును. ఎదుట నెవరైన అడ్డువచ్చినప్పుడు కన్ను చూచి, మెదడు గ్రహించి, కాలు బ్రేకును త్రొక్కుటకు మత్తులేనివానికి దాదాపొక సెకను పట్టుననుకొందము. మత్తులో మరియొక అర సెకను ఆలస్యమైనచో బండి ఇంకను ఎనిమిది మీటర్లకు పైగా ముందునకు పోవును. మా తరగతి గది పొడవంత దూరమది. ఆ దూరములో నొక బాలుడు రోడ్డు దాటుచుండవచ్చును.

మజ్జిగ త్రాగినను, నిమ్మరసము త్రాగినను, తలపై చన్నీళ్లు గ్రుమ్మరించుకొన్నను మత్తు దిగునని మనలో నొక నమ్మకము గలదు. అది వట్టిది. కాఫీ నిద్రను పోగొట్టును గాని రక్తములోని మద్యసారమును పోగొట్టజాలదు. ఆ పని కాలేయముది, అది తొందరపడదు. సామాన్యముగా గంటకు రక్తములోని కొలత 15 మిల్లీగ్రాముల చొప్పున తగ్గును. మనిషిని బట్టి కొంత హెచ్చుతగ్గులుండును. అర్ధరాత్రి 150 మిల్లీగ్రాములతో విందునుండి లేచినవానికి ఉదయము ఎనిమిది గంటలకు ఇంకను 30 మిగిలియుండును. వాడు నిద్రపోయి లేచెను, స్నానము చేసెను, ఇస్త్రీ బట్టలు కట్టుకొనెను. అయినను చట్టము గీచిన గీతమీదనే నిలిచియున్నాడు. ఎనిమిది గంటలకు మన వీధులలో బడి బస్సులు తిరుగుచుండును. రాత్రివేళ పోలీసువారు నోట గొట్టముంచి ఊదించుట పలువురు చూచియుందురు. ఊపిరితిత్తులలో రక్తమునుండి కొంత మద్యసారము గాలిలో గలియును గనుక ఆ గాలిని కొలిచి రక్తము సంగతి చెప్పవచ్చును. లవంగములు నమలినంతమాత్రమున వాసన మారును గాని కొలత మారదు.

ఇక దుకాణముల మాట. విజయవాడకు పోవు జాతీయ రహదారి ఎల్బీనగరునుండి హయత్‌నగరు మీదుగా మా ప్రక్కనే పోవుచున్నది. రహదారుల ప్రక్క మద్యమమ్ముట ప్రమాదములకు హేతువగుచున్నదని 2016 డిసెంబరులో సుప్రీముకోర్టు 500 మీటర్లలోపల నట్టి దుకాణములు కూడదని యుత్తరువు చేసెను. 2017 మార్చి 31 వ తేదీన చిన్న యూళ్లకు ఆ దూరము 220 మీటర్లకు తగ్గినది. కొన్ని మాసములకు, పురపాలక సంఘముల యెల్లలలోపల నున్న దుకాణములకు ఆ నిషేధము అడ్డు కాదని వివరణ వచ్చెను. ఊరి వెలుపలి దుకాణము చెరుపు చేయుననియు, ఊరిలోపలిది చేయదనియు ఏ బాలునికి నచ్చచెప్పగలము? రాబడి విషయమై ప్రభుత్వములు పడు తొందర మాకు తెలియక కాదు. తెలంగాణమున ఇరువదియొక్క యేండ్లు నిండనివారికి మద్యమమ్మరాదను చట్టము ఎప్పటినుండియో గలదు. దానిని అమలు జరుపుటకు క్రొత్త శాసనమక్కరలేదు. అమ్మువాడు వయసడిగిన చాలును.

ప్రజల కోపము వృథా పోవునా యని కొందరు పెద్దలు నిట్టూర్చుట వినుచుందుము. వృథా పోవును, పోకుండనుగలదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమున 1980 మే 3 వ తేదీన పదుమూడేండ్ల బాలికను త్రాగినవాని కారు కొట్టి చంపెను. వాడంతకు ముందును త్రాగి నడిపి పట్టువడినవాడే. ఆమె తల్లి క్యాండీ లైట్నరు ఆ యేడాదియే తల్లుల సంఘమును స్థాపించి, శాసనసభల మెట్లెక్కి దిగి, ఊరూర మాటలాడెను. 1984 లో అచ్చటి కేంద్రప్రభుత్వము మద్యము కొనుటకు వయస్సు 21 చేయని రాష్ట్రములకు రహదారుల ధనములో కొంత తగ్గింతుమని శాసనము చేసెను; రాష్ట్రములన్నియు లోబడినవి.

దూరదేశమెందులకు? మన తెలుగుగడ్డపై నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992 నాటి స్త్రీల కథ యింతకంటె గొప్పది. రాత్రిబడులలో అక్షరములు దిద్దుకొనుచున్న ఆ స్త్రీలు తమ పాఠములో సారావలన కూలిన కుటుంబపు గాథను చదివిరి, చదివి ఊరకుండలేదు. తమ యూరి సారా దుకాణమును మూయించిరి. వారిలో రోశమ్మ పేరు దేశమంతట వ్యాపించెను. ఆ యుద్యమము జిల్లాలు దాటగా 1993 అక్టోబరు 1 వ తేదీనుండి ఆంధ్రప్రదేశమున సారా నిషేధింపబడెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. అది 1997 లో సడలిపోయినది. ఓడిపోయిరని కొందరందురు. ఒక వాచకములోని పాఠము ఇంతటి పని చేసిన దృష్టాంతము మరియొకటి మా యెరుకలో లేదు.

పంజాగుట్టకై వెలిగిన క్రొవ్వొత్తులు ఆరిన తరువాత మిగిలినది నిత్యవ్యవహారము. ఫంక్షను హాలులో దావతు జరుగును. చివర నెవడో తాళము చేతబట్టుకొని లేచును. ప్రక్కనున్నవారు నవ్వుచు బండెక్కుదురు. అట్టివారు తెలిసికొనవలసిన సెక్షనొకటి యున్నది. మోటారు వాహనముల చట్టములోని 188 వ సెక్షను ప్రకారము త్రాగి నడుపుటకు ప్రోత్సహించినవానికిని నడిపినవాని శిక్షయే. “పోనిమ్మురా, ఏమీ కాదు” అనుట స్నేహము కాదు, చట్టము దృష్టిలో నేరము కావచ్చును. తలిదండ్రులకును వేరుగా నొకటి కలదు. పదునెనిమిదేండ్లు నిండని కుమారుడు బండి నడిపి నేరము చేసినయెడల, 2019 నాటి 199-ఎ సెక్షను క్రింద తండ్రికి గాని బండి యజమానికి గాని మూడేండ్లవరకు ఖైదును ఇరువదియయిదువేల రూపాయల జరిమానాయును గలవు. తన యెరుక లేక జరిగినదని, లేదా తాను తగిన జాగ్రత్త తీసికొంటినని రుజువు చేయు భారము వారిదే. పాలపాకెట్టుకై తొమ్మిదవ తరగతి పిల్లవానికి స్కూటరు తాళమిచ్చు అలవాటు మా వీధులలో నున్నది గనుక దీనిని ప్రత్యేకముగా వ్రాసితిమి.

2022 లో భారతదేశపు రహదారులపై 1,68,491 మంది మరణించిరని కేంద్రప్రభుత్వపు లెక్క. వీరిలో నెందరో సకాలమున చికిత్స లభించిన బ్రతికెడివారే. ప్రమాదము చూచినవారు పోలీసుల ప్రశ్నలకు జంకి తొలగిపోవుదురు. ఇప్పుడట్టి భయమున కెడము లేదు. 2019 లో చేర్చబడిన 134-ఎ సెక్షను ప్రకారము గాయపడినవానికి సదుద్దేశముతో సాయపడిన వ్యక్తిపై ఆ గాయమునకు గాని మరణమునకు గాని వ్యాజ్యము చెల్లదు. తన పేరు చెప్పుమని యాతని నిర్బంధింపరాదు. 2005 ఆగష్టు 15 వ తేదీన మన హైదరాబాదులోనే ప్రారంభమైన 108 అంబులెన్సును పిలుచుటకు రుసుము లేదు. ఆ సంఖ్యను అయిదవ తరగతి బాలుడైనను నొక్కవచ్చును. పిలిచినప్పుడు మొదట స్థలము చెప్పవలెను, పిదప గాయపడినవారెందరో చెప్పవలెను.