గేదె కాదు... బర్రె!

బొమ్మల పుస్తకంలో గేదె. కింద పెద్ద అక్షరాలతో 'గేదె' అనే ఉంటుంది. కామారెడ్డిలోనో, ఎల్లారెడ్డిలోనో అప్పుడే బడిలో చేరిన పిల్లాడికి చూపించండి. అక్షరాల కింద వేలుపెట్టి మరీ 'బర్రె' అంటాడు! వాడు చదివింది బొమ్మని.

ఏడాది గడిచేసరికి వాడి చూపు బొమ్మ మీంచి అక్షరాల మీదికి మళ్లుతుంది. 'గే... దె' అని కూడబలుక్కుంటాడు. ఒక్క తప్పూ ఉండదు. 'అంటే ఏందిరా?' అనండి... తెల్లమొహం వేస్తాడు. ఇంట్లో ఆ మాట వింటే కదా!

ఇక్కణ్నుంచి తప్పుల తీరే మారిపోతుంది. 'మ', 'య' తారుమారవుతాయి. 'కోతి' కాస్తా 'కొతి' అవుతుంది. 'అక్క'లో ఒత్తు ఎగిరిపోయి 'అక' మిగులుతుంది. ఇంకా అక్షరాలే రాలేదా అని పెద్దలు విసుక్కుంటారు. కానీ, ఒక్క 'క'కే గుణింతాలు, ఒత్తులు కలిపి ఎన్ని రూపాలో! మన లిపికి తోబుట్టువులాంటి కన్నడంలో పిల్లల చదువు మీద సోనాలీ నాగ్ చేసిన అధ్యయనం 2007లో వెలువడింది. నాలుగో తరగతికొచ్చినా అక్షరాలు నేర్చుకోవడం పూర్తికాదని అందులో తేలింది. ఇంగ్లిషు పిల్లలకున్నవి 26 అక్షరాలే మరి.

నాలుగైదు తరగతులకొచ్చాక ఇంకో వింత. 'రాముడు ఊరికి వెళ్ళాడు' అని ఉంటే 'రాముడు ఊరికి పోయిండు' అని గడగడా చదివేస్తాడు. మళ్లీ 'బర్రె' కథేనా? కాదు. ఈసారి బొమ్మ లేదు. అక్షరాలు చూశాడు, అర్థం పట్టాడు, తన మాటల్లో చెప్పాడు. ఇలాంటివాటిని తప్పులనడానికి అమెరికా విద్యావేత్త కెన్నెత్ గుడ్‌మన్ 1960ల్లోనే ఒప్పుకోలేదు. అయితే, బాగా చదివేవాళ్లు ఊహించుకుంటూ చదువుతారన్న ఆయన వాదన తర్వాతి పరిశోధనల్లో నిలవలేదు. వాళ్లు అక్షరాల్ని వదలరు. అందుకే 'మళ్లీ చూడు' అనాలి. 'వెళ్ళాడు' అని తనే దిద్దుకున్నాడా, బెంగలేదు. దిద్దుకోలేకపోతే ఒత్తుల దగ్గరికి మళ్లీ వెళ్లాల్సిందే.

నిమిషానికి ఎన్ని మాటలు సరిగా చదివాడన్న లెక్క ఒక్కటే చూస్తే మాత్రం, 'పోయిండు' అన్నవాడికి మార్కు పోతుంది. 'గేదె' అని తెల్లమొహం వేసినవాడికి పడుతుంది!

ఎల్లారెడ్డి చుట్టుపక్కల తండాల పిల్లలది ఇంకో చిక్కు. ఇంట్లో లంబాడీ మాట్లాడే పిల్లలకు గేదె, బర్రె... రెండూ బడి మాటలే. వాళ్లు తడబడితే ముందు చూడాల్సింది అక్షరం వచ్చా రాదా అని కాదు, ఆ మాట ఎప్పుడైనా విన్నారా అని. బర్రెను చూపించి, వాళ్ల ఇంట్లో దాన్నేమంటారో అడిగాక అక్షరాల్లోకి వెళ్తే సగం పని తేలికవుతుంది.