లోణార్ సోడా, మన రంగునీళ్లు

మా నాయనమ్మ చవుడు అంటది. పక్కింటి మరాఠీ ఆజీ ఖార్ అంటది. సబ్బు రాకముందు బట్టలు ఉడకబెట్టింది చవుడు మన్నుతోనే. ఈ రెండు మాటల వెనక ఉన్న అసలు సరుకు దాదాపు ఒకటే: సోడియం కార్బొనేట్, అంటే వాషింగ్ సోడా. అది ఉప్పునీళ్లలోనే పుడుతుంది. అయితే అన్ని ఉప్పునీళ్లలో కాదు.

సముద్రపు నీళ్లలో లీటరుకి సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. ఆంధ్రాలో చినగంజాం, నౌపడ దిక్కు మడుల్లో ఆ నీళ్లను ఎండబెడితే అన్నీ ఒకేసారి గడ్డకట్టవు. ముందు కొంచెం సున్నం, అంటే కాల్షియం కార్బొనేట్ దిగుతుంది. నీళ్లు సుమారు అయిదో వంతుకి తగ్గేసరికి జిప్సం, పదో వంతుకి వచ్చాక తినే ఉప్పు. చివరికి మిగిలే చేదునీళ్లలో మెగ్నీషియం, పొటాషియం, బ్రోమిన్ ఉంటాయి. ఉప్పు పండించేవాళ్ల పనితనమంతా ఈ వరసను పట్టుకోవడమే. జిప్సం ఒక మడిలో వదిలేసి నీళ్లు ఇంకో మడికి మళ్లించాలి, చేదు కలవకముందే ఉప్పు గుంజుకోవాలి. మా విడీ ఘర్కుల్‌లో బోరునీళ్లు కాచిన గిన్నెకి తెల్లగా పట్టేది చాలావరకు ఆ మొదటిదే. ఉప్పు కాదది, సున్నం.

మన రాష్ట్రంలోనే, బుల్ఢాణా జిల్లాలో ఉన్న లోణార్ సరస్సు కథ వేరు. ఉల్క పడి నల్లరాతిలో ఏర్పడిన గుంట అది, వెడల్పు సుమారు 1.8 కిలోమీటర్లు. వాననీళ్లు, ఊటనీళ్లు లోపలికి వస్తాయి. బయటికి పారే దారి లేదు, ఎండకి ఆవిరి కావాల్సిందే. ఇక్కడే అసలు కిటుకు ఉన్నది. నీళ్లలోని కాల్షియం, కార్బొనేట్ జతకట్టి సున్నమై దిగిపోతాయి కదా, ఆ రెంట్లో ఏది ముందు అయిపోతుంది? సముద్రంలో కాల్షియం ఎక్కువ కాబట్టి కార్బొనేట్ అయిపోతుంది. నల్లరాతిని ఒరుసుకుని వచ్చిన నీళ్లలో కాల్షియమే ముందు అయిపోతుంది. మిగిలిన కార్బొనేట్ సోడియంతో ఉండిపోతుంది. అదే సోడా! తినే ఉప్పు కూడా దాంట్లో కలిసే ఉంటుంది.

లోణార్ దగ్గర గాజుకీ సబ్బుకీ కావలసిన సరుకు దొరుకుతుందని అక్బర్ కాలపు ఐన్-ఇ-అక్బరీలోనే రాశారు. ఊరి పేరుని లవణాసురుడితో కలిపి చెప్తారు, విష్ణువు అతన్ని అక్కడ చంపాడని స్థలపురాణం. 2020 జూన్‌లో ఆ నీళ్లు గులాబీ రంగుకి తిరిగాయి. నీళ్లు తగ్గి, ఉప్పదనం పెరిగి, ఉప్పులోనే బతికే సూక్ష్మజీవులు పెరగడమే కారణం.

మన షోలాపూర్ కింద ఉన్నది కూడా ఆ నల్లరాయే. మరి ఇక్కడ సోడా చెరువు ఎందుకు లేదు? మన నీళ్లకి సీనా, భీమా నదుల దారి ఉంది, కరిగింది కరిగినట్టు కొట్టుకుపోతుంది. కానీ మనం ఉప్పునీ సోడానీ బస్తాలకొద్దీ బయటినుంచి తెచ్చుకుంటున్నాం. టవల్, చాదర్ నూలుకి రియాక్టివ్ రంగు వేసేటప్పుడు నీళ్లలో నూలు, రంగు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, రెండింటిదీ ఒకే రకం విద్యుదావేశం కాబట్టి. ఉప్పు ఆ నెట్టుడుని తగ్గిస్తుంది. తర్వాత సోడా వేస్తే రంగు పోగుకి అతుక్కుంటుంది. ముదురు రంగులకి లీటరుకి 50 గ్రాముల పైనే ఉప్పు పడుతుంది. అంటే ఆ తొట్టి సముద్రం కన్నా ఉప్పన! రంగు నూలుకి ఉండిపోతుంది, ఉప్పు మాత్రం కడిగిన నీళ్లతో బయటికి వచ్చేస్తుంది.

కాలవలో ఎర్రనీళ్లు పారితే అందరం అయ్యో అంటాం. తేటగా పారితే ఎవరం పట్టించుకోం. నాకైతే తేటనీళ్లంటేనే ఎక్కువ భయం. ట్యాంకులో మందులు కలిపో, సూక్ష్మజీవులను పెంచో రంగుని విరగ్గొట్టొచ్చు, ఉప్పు మాత్రం విరగదు. నీళ్లను ఆవిరి చేయాలి, లేదా సన్నటి పొరల గుండా ఒత్తిడితో నెట్టాలి. రెండూ ఖర్చే.

ఆ సోడియం నల్లరేగడిలోకి చేరితే బంకమన్ను ఉబ్బి సందులు మూసుకుపోతాయి. వాన ఇంకదు, ఎండాకాలం పైన తెల్లగా పూత తేలుతుంది. దాన్నే మనవాళ్లు చవుడు నేల అన్నారు. దాన్ని బాగుచేయడానికి వేసేది జిప్సం, ఉప్పు మడిలో రెండోసారి దిగేదే. జిప్సంలోని కాల్షియం సోడియాన్ని మట్టినుంచి తోసేస్తుంది. ఆ తర్వాత పొలం నిండా మంచినీళ్లు పెట్టి కడగాలి. మన జిల్లాలో ఎండాకాలం అన్ని మంచినీళ్లు ఎక్కడున్నాయో మీకు తెలిసిందే.