తమ యిండ్లు తామే కట్టుకొనినవారు

లండను నగరపు ఆగ్నేయభాగమున లూయిషాం అను పేట కలదు. అచట పురపాలక సంఘపు టిండ్లకై పేర్లు వ్రాయించుకొని యేండ్లతరబడి వేచియున్న కుటుంబములు పెక్కు. సంఘమువారి చేతిలో కొన్ని ఖాళీ స్థలములుండెను గాని, అవి ఏటవాలు నేలలు. పెద్ద కట్టడములకు పనికిరావని విడిచిపెట్టినవి.

వాల్టర్ సీగల్ అను వాస్తుశిల్పికి అట్టి నేలలే చాలినవి. ఆయన పద్ధతిలో ఇటుకపని లేదు, పూతపని లేదు. అంగడిలో దొరకు పలకల కొలతకు సరిపడునట్లు కొయ్యచట్రము నిలిపి, బోల్టులతో బిగించుటయే. ఱంపముతో తిన్నగా కోయగలవా డెవ్వడైనను ఇందుకు తగును. నేలను చదును చేయ నక్కఱ లేదు. పల్లపువైపు స్తంభములు పొడవుగా నుండిన చాలును.

1976లో సంఘము సమ్మతించెను. చీట్లు వేసి కుటుంబముల నెన్నుకొనిరి. అనుమతులకే యేండ్లు పట్టెను. ఎదురుచూచుట వారికి క్రొత్త గాదు గదా! సీగల్ ఒక్కొక్క కుటుంబముతో కూర్చుండి, గళ్ళకాగితముపై వారు కోరినట్లు గదులు గీసెను. కట్టుచుండగా మనసు మారినను చిక్కు లేదు. గోడలు బరువు మోయవు గనుక విప్పి జరుపవచ్చును. పెక్కుమంది అంతకుమున్ను సుత్తి పట్టి యెఱుగరు. ఐనను ఒకరికొకరు చేయి కలిపి కట్టుకొనిరి.

1985లో సీగల్ మరణించెను. ఆ వెనుక పూర్తియైన 13 యిండ్ల వీథికి ‘వాల్టర్స్ వే’ అని ఆయన పేరే నిలిచినది.