ద్వీపాల మూలికలు – విశ్వవిద్యాలయాల పేటెంట్లు

విశాఖపట్నం రేవు నుండి సముద్రమార్గాన సుమారు 1200 కిలోమీటర్ల దూరాన అండమాన్ నికోబార్ దీవులు వ్యాపించి ఉన్నవి. చిన్న దీవులు, రాతి దిబ్బలు కలుపుకొని వాటి సంఖ్య 836. జనావాసం గలవి 31 మాత్రమే. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుండి వెళ్లిన తెలుగువారు, బెంగాలీలు, తమిళులు, మలయాళీలు, రాంచీ ప్రాంతపు ఆదివాసులు, 1925లో బర్మా నుండి వచ్చి మాయాబందరు సమీపాన స్థిరపడిన కరెన్‌లు అక్కడ ఇరుగుపొరుగువారు. వీరందరికంటె ఎంతో పూర్వం నుండి ఆ అడవులను ఎరిగినవారు అక్కడి ఆదిమ జాతులవారు. 2011 జనగణన ప్రకారం నికోబారీలు 27,168 మంది, ఓంగేలు 101 మంది.

ఈ దీవులలో పరిశోధనకు కొరత లేదు. నేడు శ్రీ విజయపురమని పిలువబడుతున్న పోర్ట్ బ్లెయిర్‌లో 1978లో కేంద్ర వ్యవసాయ పరిశోధనా సంస్థ వెలసినది. పుదుచ్చేరి విశ్వవిద్యాలయపు సముద్ర జీవశాస్త్ర విభాగం కూడ అక్కడనే పనిచేయుచున్నది. అడవి మొక్కలోనో, పగడపు దిబ్బలను ఆశ్రయించిన సూక్ష్మజీవిలోనో మందుకు పనికివచ్చు పదార్థమొకటి పరిశోధకునికి లభించినదనుకొందాము. దానిపై హక్కు ఎవరిది?

పేటెంటు అనగా నూతన కల్పన చేసినవారికి ప్రభుత్వం పరిమిత కాలానికి ఇచ్చే ప్రత్యేక హక్కు. మన పేటెంటు చట్టం 1970లో రూపొంది 1972 ఏప్రిల్ 20న అమలులోకి వచ్చినది. నేడు ఆ హక్కు కాలపరిమితి 20 సంవత్సరాలు. కల్పన కొత్తది కావలెను, ఆ రంగంలో నిపుణునికి సులభంగా తట్టనిది కావలెను, పరిశ్రమకు ఉపయోగపడవలెను. మన ఆచార్యులు తరచు పొరబడుచున్నది మొదటి నియమం దగ్గరనే. దరఖాస్తు పెట్టుటకు ముందే పత్రికలో వ్యాసం ప్రకటించినచో, కొద్దిపాటి మినహాయింపులు తప్ప, ఆ కల్పన కొత్తదనే వాదన నిలువదు. వ్యాసాల సంఖ్యను బట్టి పదోన్నతులు లభించే చోట ఇది చిన్న చిక్కు కాదు.

అమెరికాలో 1980నాటి చట్టం ప్రభుత్వ ధనంతో జరిగిన పరిశోధన ఫలితాలపై విశ్వవిద్యాలయాలకు హక్కు కల్పించినది. అటువంటి బిల్లు మన రాజ్యసభలో 2008లో ప్రవేశపెట్టబడి, 2014లో ఉపసంహరింపబడినది. అందువలన ఇక్కడ ఆయా సంస్థల నిబంధనలే ఆధారం. విద్యాసంస్థలకు దరఖాస్తు రుసుము 80 శాతం తగ్గించుట మాత్రం 2021లో జరిగినది.

అసలు చిక్కు వేరొకటి ఉన్నది. తెలుగునాట తొగరు అని పేరుగల చెట్టు జాతికి చెందినదే నికోబారీలు లొరాంగ్ అని పిలిచే చెట్టు. దాని పండు వారికి ఆహారం, ఔషధం కూడ. పసిఫిక్ మహాసముద్రంలోని తాహితి దీవి పేరు పెట్టి, 1996 నుండి ఒక అమెరికా వ్యాపార సంస్థ ఈ పండు రసాన్నే సీసాలలో నింపి దేశదేశాల విక్రయించినది. పండు నికోబార్‌లోనూ ఉన్నది, తెలివి నికోబారీలకూ ఉన్నది, లేనిది వ్యాపారమే. పోర్ట్ బ్లెయిర్ వ్యవసాయ సంస్థ తరువాతి కాలంలో ఈ చెట్టులో మేలైన రకాలను ఎంపిక చేసినది. అయితే మొక్కల రకాలకు మన దేశంలో పేటెంటు లేదు. వాటికి 2001నాటి మొక్కల రకాల, రైతు హక్కుల రక్షణ చట్టం వర్తించును.

గాయాలు మాన్పుటకు పసుపు వాడకంపై అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రం 1995లో పేటెంటు పొందగా, మన శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధనా మండలి ప్రాచీన గ్రంథాధారాలు చూపి 1997లో దానిని రద్దు చేయించినది. ఆ వివాదానంతరం ఆయుర్వేదాది గ్రంథాల విజ్ఞానం ఒక నిధిగా సంకలనమైనది. కాని ఓంగేల విజ్ఞానానికి గ్రంథమెక్కడిది? అది నోటిమాటగా మాత్రమే నిలిచి ఉన్నది. దానిని వ్రాసి ప్రకటించినచో పరులు పేటెంటు పొందలేరు, నిజమే. కాని ఎవరైనను రూపాయి చెల్లించకుండ వాడుకొనవచ్చును. వ్రాయకున్నచో పెద్దలతోపాటు అది అంతరించును. నూరుమంది జాతి విషయంలో ఇది దూరపు భయం కాదు.

ఈ విషయంలో కేరళ అనుభవం గమనింపదగినది. 1987లో అగస్త్య పర్వతాలలో శాస్త్రజ్ఞులకు దారి చూపుచు వెళ్లిన కాణి జాతివారు అలసట ఎరుగక నడచుటకు కారణం వారు నమలే ఆరోగ్యపచ్చ కాయలని తెలిసినది. పాలోడులోని ఉష్ణమండల ఉద్యానవన పరిశోధనా సంస్థ దానినుండి ‘జీవని’ అనే మందును రూపొందించి, 1995లో కోయంబత్తూరులోని ఆర్య వైద్య ఫార్మసీకి 10 లక్షల రూపాయలకు, అమ్మకాలపై 2 శాతం రాయల్టీకి తయారీ హక్కు నిచ్చినది. అందులో సగం కాణి వారికి చెందవలెనని నిర్ణయం. వారి ట్రస్టు 1997లో ఏర్పడినది. ప్రశంస బాగుగానే లభించినది గాని, అడవినుండి ఆకు సేకరణకు అటవీశాఖ అభ్యంతరం చెప్పుటతో ఉత్పత్తికి చిక్కులు వచ్చినవి. ఒప్పందం వ్రాసినంత సులభంగా ఆకు లభించదు.

2002నాటి జీవవైవిధ్య చట్టం ఈ పంపకాన్ని న్యాయబద్ధం గావించినది. మన జీవ వనరులపై పేటెంటు కోరువారు చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి పొందవలెనని అది శాసించినది. 2023 సవరణ తరువాత స్వదేశీయులకు పేటెంటు మంజూరుకు ముందు నమోదు చేసుకొనుట చాలును. అనుమతి వాణిజ్య దశలో అవసరం. సాంప్రదాయిక విజ్ఞానమే అయిన దానికి పేటెంటు కూడదని పేటెంటు చట్టంలోను నిషేధమున్నది. వాడిన జీవపదార్థం ఎచ్చటినుండి వచ్చినదో దరఖాస్తులో తెలుపవలెను.

పంపకం పేటెంట్లకే పరిమితం కాదు. హైదరాబాదు సంస్థ ఒకటి జపానుకు వేపాకు ఎగుమతి చేసినప్పుడు చెల్లించిన సుమారు 55 వేల రూపాయలలో ఒక భాగం, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని అమరచింత గ్రామ జీవవైవిధ్య సంఘానికి చేరినది. మొత్తం స్వల్పమే. అయినను ఆకు రాలిన ఊరికి ధనం తిరిగి వచ్చుట కొత్త విషయం.

దీవులవారికి మరొక మార్గం కూడ తెరచుకొన్నది. నికోబారీల కొబ్బరినూనె, చాపలు, హోడి అనబడే పడవ, కరెన్‌ల ముస్లే వరి భౌగోళిక గుర్తింపు పొందినవి. పేటెంటువలె 20 ఏండ్లతో ఇది ముగిసిపోదు, పదేండ్లకొకసారి పొడిగించుకొనవచ్చును. హక్కు ఒక వ్యక్తిది గాక ఆ ఉత్పత్తిదారులందరిది. అయితే ఇది పేరును మాత్రమే కాపాడును. లొరాంగ్ పండులోని గుణాన్ని గురించిన తెలివిని కాపాడజాలదు.